మోదుగ చెట్టుకి దగ్గరవుతూ

నందిగామలో ఒక పెళ్లివారికి గ్రూపు ఫోటో తీస్తున్నాను. నల్లగుడ్డ కప్పుకుని కెమెరాలోకి చూస్తుండగా దగ్గు తెర వచ్చింది. తల బయటికి తీసేసరికి చేతిరుమాలు మీద నెత్తురు. కదలొద్దన్నానని పెళ్లికొడుకు ఇంకా ఊపిరి బిగబట్టుకునే ఉన్నాడు. ఎలాగో ఆ ఫోటో తీసి ఇంటికి చేరాను.

ఇది యాభైల ఆఖర్లో మాట. అప్పటికి జగ్గయ్యపేటలో నాకొక చిన్న స్టూడియో ఉండేది. నా భార్య సుగుణ మిషన్ బడిలో టీచరు. మర్నాడే నన్ను బెజవాడ బస్సెక్కించింది. కళ్లె పరీక్ష చేశారు, ఎక్స్‌రే తీశారు. డాక్టరుగారు దాన్ని వెలుతురుకి పట్టి, కుడి ఊపిరితిత్తి పైభాగంలో మబ్బులాంటి మచ్చ చూపించారు.

"టి.బి. అండి. ఇప్పుడు మంచి మందులున్నాయి. కాకపోతే చాలాకాలం వాడాలి, పూర్తిగా రెస్ట్ తీసుకోవాలి" అన్నారు.

స్టూడియోకి తాళం పడింది. చిల్లకల్లులో మా మావగారి చేలో పాక ఉంటే అక్కడికి మారాను. నా కంచం, గ్లాసు వేరు. కాంపౌండరు సైకిలు మీద వచ్చి స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్ చేసి వెళ్లేవాడు. కొన్నాళ్లకి చెవుల్లో హోరు మొదలైంది, నేల తిరిగిపోయేది. ఒకరోజు మంచం దిగబోయి పడ్డాను. డాక్టరుగారు ఆ ఇంజెక్షన్ ఆపి పి.ఎ.ఎస్. పొడి ఇచ్చారు. దాంతో కడుపులో ఒకటే తిప్పుడు. ఇక కెమెరా పట్టనేమో అనిపించింది.

అది కనిపెట్టి సుగుణ నా చిన్న పెట్టె కెమెరా తెచ్చి ఒళ్లో పెట్టింది. "ఎదురుగా ఆ చెట్టుందిగా, తీయండి" అంది. రాళ్లనేల మీద ఒంటిగా ఒక మోదుగ చెట్టు, ఆకంతా రాలి మోడులా ఉంది. మనిషి లేని ఫోటో ఏం ఫోటో అని మావగారు వెళ్లి దాని పక్కన తలపాగా సర్దుకుని నిలబడ్డారు. ప్రింటులో చీమంత పడ్డారు. "నేనేడి అల్లుడూ?" అని చాలాసేపు వెతుక్కున్నారు.

స్టూడియోలో అందర్నీ కదలొద్దనేవాణ్ణి. చెట్టు నా మాట వినదు. గాలి నిలిచేదాకా నేనే ఆగాలి. ఆ ఆగడంలో దగ్గు సంగతి మరిచిపోయేవాణ్ణి. కొన్నాళ్లకి చెట్టు నిండా ఎర్రగా పూసింది, గోరింకలు మూగాయి. నేనున్నా పోయినా అది ఇలాగే పూస్తుంది కదా అని మొదట దిగులేసింది. తర్వాత ఆ ఆలోచనే ఎందుకో ధైర్యమైంది.

జ్వరం తగ్గాక, ఆయాసం వచ్చేవరకే నడవమన్నారు డాక్టరుగారు. ఆయాసం వచ్చిన చోటల్లా ఆగి ఒక ఫోటో తీసేవాణ్ణి. మళ్లీ బెజవాడ వెళ్లినప్పుడు వాటిని ఆయన బల్ల మీద పరిచాను. బొమ్మ బొమ్మకీ చెట్టు పెద్దదవుతూ, ఆఖరిదాంట్లో బెరడూ దాని మీద చీమలబారూ మాత్రమే ఉన్నాయి.

"ఇన్ని చెట్లు ఎక్కడివండీ?" అన్నారు.

"ఒక్కటేనండి. నేనే దగ్గరికెళ్తున్నా."

ఆయన నవ్వి కొత్త ఎక్స్‌రే తీసి చూపించారు. మచ్చ ఎండి సన్నని గీతలా మిగిలింది.

ఇప్పుడు మళ్లీ పేటలో స్టూడియో నడుపుతున్నాను. మెట్లెక్కితే కాస్త ఆయాసం, అంతే. ఈ జబ్బుతో ఉన్నవారికి ఒక్కటే చెబుతాను. ఒళ్లు తేలికపడగానే మందు మానేయాలనిపిస్తుంది, నాకూ అనిపించింది. మానకండి. బాగున్నానని మీకు అనిపించేదాకా కాదు, ఇక చాలని డాక్టరు చెప్పేదాకా మింగండి.