మందు కొట్టని టమాటలు

వేలాడే బుట్టలో టమాట పెంచాలనుకునేవాళ్లు ముందు ఆలోచించాల్సింది బరువు గురించి. ఖాళీ బుట్ట చేతికి తేలిగ్గానే ఉంటుంది. మట్టి నింపి, నీళ్లు పోసి, కాయలు దిగాక దాన్నంతా ఒక్క కొక్కెం మోయాలి. మా మొదటి బుట్ట మూడో రోజే కింద పడింది. తర్వాత మేస్త్రీని పిలిపించి బాల్కనీ స్లాబుకు ఆరు ఇనుప కొక్కేలు బిగించాను.

ఇబ్రహీంపట్నంలో మేముండేది పై అంతస్తులో. మెట్లు బయటి నుంచే. ఎక్కగానే బాల్కనీ. దినపత్రికలో విలేకరిగా చాలా ఏళ్లు పనిచేసి మానుకున్న ఏడాదే నా భార్యకు కడుపు ఆపరేషన్ అయింది. ఇంటికి వచ్చాక ఆమెకు ఏదీ సయించలేదు. ముద్ద నోట్లో పెట్టుకుని అలాగే కూర్చునేది. ఒకనాడు ఎర్రటి టమాట కోసి, ఉప్పు చల్లుకుని తిన్నది. మర్నాడూ అదే అడిగింది. కానీ మార్కెట్ టమాట అంటే ఆమెకు భయం. మందులు కొట్టిన కూరగాయల వల్లనే తనకీ రోగం వచ్చిందని మనసులో పడిపోయింది. నేను వాదించలేదు. ఆమె ఇష్టంగా తింటున్నది అదొక్కటే. ఇంట్లోనే పెంచుదామంటే నేల లేదు, కుండీల దగ్గర వంగడం ఆమె వల్ల కాదు. కుర్చీలో కూర్చుని చెయ్యి చాస్తే అందేలా వేలాడదీద్దామనుకున్నాం.

సలహాకు వెళ్లింది ఒకాయన దగ్గరికి. పక్క ఊళ్లో టమాట పండించే రైతు, నాకంటే పెద్దవాడు. ఎవరేం చెప్పినా ఇంకొకరిని అడిగి సరిచూసుకున్నాకే రాయాలని మాకు పత్రికలో నేర్పారు. ధర పడిపోయిందన్నా, తెగులొచ్చిందన్నా, ఫలానా చెలకలు ప్లాట్లయిపోతున్నాయన్నా ఈయన మాట మాత్రం నేను రెండోవాళ్లను అడగకుండానే రాసేవాణ్ని. ఒక్కసారీ తప్పు కాలేదు. నన్ను తమ్మీ అనేవాడు, నా భార్యను చెల్లె అనేవాడు. వరస కుదరలేదని ఆమె ఆటపట్టిస్తే, "నీకు పుట్టింటోన్ని, వీనికి అన్నదమ్ముల పాలోన్ని. ఏడ నిలవడుమంటే ఆడ నిలవడ్త" అనేవాడు.

సంగతి చెప్పగానే నవ్వాడు. "టమాటకు ఉరేస్తనంటవేంది తమ్మీ. ఏం పాపం జేసింది అది?"

"చిన్న కాయల రకమన్నా. కిందికి జారుకుంట పెరుగుతదంట."

"నేను ఇన్నేండ్లసంది కట్టెలు పాతి మీదికి కట్టవడ్తి. నువ్వు కిందికి పెంచుతవా. పేపరోళ్ల ఎవుసం గిట్లనే ఉంటది."

నవ్వినా నారు ఆయనే పోసి ఇచ్చాడు. ఎర్రమట్టి, బాగా మాగిన పెంట ఎరువు, కొబ్బరి పొట్టు తానే కలిపి బుట్టలు నింపాడు. బుట్టకు ఒక్కటే మొక్క అన్నాడు. నేను ఆశకొద్దీ రెండు పెట్టిన చోట ఒకటి పీకేశాడు. పొద్దుటి ఎండ తగలాలి, మధ్యాహ్నం ఎండ వద్దు. నీళ్లు మట్టికే పోయాలి, ఆకు తడవొద్దు. అన్నీ వేలు పెట్టి చూపించాడు. దిగేటప్పుడు మెట్ల మీద ఆపి చెప్పాను.

"నీ చెల్లె తినేటియన్నా. మందు కొట్టేది లేదు."

"నాకు తెల్వదా" అన్నాడు.

పూత రాగానే చుట్టుపక్కలవాళ్లు వింతగా చూడొచ్చారు, తర్వాత గుత్తులు గుత్తులుగా కాయ దిగింది. సాయంత్రం నా భార్య కుర్చీ వేసుకుని, పండిన కాయ తెంపి, కొంగుకు తుడుచుకుని అక్కడే తినేది. నెల తిరిగేసరికి అన్నం కూడా తినసాగింది. చుట్టుపక్కల ఇళ్లలో కుండీల టమాటలకు ఆకుముడత వచ్చింది. తెల్లదోమ వాలితే ఆకు ముడుచుకుని మొక్క గిడసబారుతుంది. మావి మాత్రం నిగనిగలాడాయి. అదంతా నేను కొట్టే వేపనూనె మహిమ అనుకున్నాను. పాత అలవాటు కొద్దీ పత్రిక ఆదివారం తోటల పేజీకి వ్యాసం రాశాను. కొత్తగా పెంచేవాళ్లకు బుట్ట ఎంత ఉండాలి, నీళ్లెప్పుడు పోయాలి, అన్నీ. ఒక్క చుక్క మందు వాడలేదని కూడా రాశాను. ఆ వారం నుంచి బయటి జనం కూడా చూడటానికి వచ్చేవాళ్లు. నారు ఎవరిదంటే ఆయన పేరు చెప్పేవాణ్ని. ఆయనుంటే పక్కన నిలబడి మీసం దువ్వుకునేవాడు.

బుట్టలతో ఒక చిక్కుంది. గాలి నాలుగు దిక్కులా తగిలి మట్టి తొందరగా ఎండిపోతుంది. ఒక్క పూట నీళ్లు తప్పితే మొక్క తల వాలుస్తుంది. నెలకు రెండుసార్లు మేము నగరంలో దవాఖానకు పోతే రాత్రికి గాని తిరిగి రాలేం. ఆ రోజుల్లో నీళ్లు తాను పోస్తానన్నాడు ఆయన. అడగకముందే అన్నాడు.

ఒకసారి మేము బొంగులూరు దాకా వెళ్లేసరికి ఫోన్ వచ్చింది, ఈరోజు డాక్టర్ రావడం లేదని. వెనక్కి తిరిగాం. నా భార్య కింది వాటా వాళ్లింట్లో కాసేపు కూర్చుంది. నేను మెట్లెక్కాను. బాల్కనీలో ఆయన ఉన్నాడు. కళ్లు మాత్రం కనిపించేలా ముక్కుకూ మూతికీ తువ్వాల కట్టుకుని, పిచికారీ చేతిపంపుతో ఆకుల కింద కొడుతున్నాడు.

"ఏం కొడుతున్నవన్నా?"

తువ్వాల కిందికి లాగాడు. "అప్పుడే వచ్చిండ్రా?"

"ఏం కొడుతున్నవ్?"

"వేపనూనెకు తెల్లదోమ వోతదా తమ్మీ. నువ్వంటే రాసుకుంటివి గని."

"ఎప్పటిసంది?"

"పూత కాడికెళ్లి. మీరు దవాఖానకు వోయినప్పుడల్లా. సగం మోతాదే తియ్యి."

"చెల్లె దినాం తెంపుకొని తింటది. కడుగను కూడ కడుగది. నువ్వే చూసినవ్."

పంపు కింద పెట్టి చేతులు పంచెకు తుడుచుకున్నాడు. "ఊరోళ్లంత వచ్చి చూస్తుండ్రు. నారు నాదని నువ్వే చెప్పవడితివి. చెట్లు ముడుసుకపోతే నా మొఖం ఏడ వెట్టుకోవాలె? పుట్టి బుద్ధెరిగినకాడికెళ్లి టమాట వెట్టినోన్ని."

మా వైపు టమాట రైతుల్లో ఒక పద్ధతి ఉంది. చేనంతా మార్కెట్‌కు, దానికి మందు తప్పదు. గట్టు పక్క ఒక సాలు మాత్రం వదిలేస్తారు. అది ఇంటి మందం, ఇంట్లో వండుకోవడానికి. దాని మీదికి పంపు తిప్పరు. ఈయన చేన్లోనూ అలాంటి సాలు ఉంది. ఆ సాలు టమాటల పులుసు ఆయన ఇంట్లో నేను ఎన్నోసార్లు తిన్నాను.

"ఈసారి మీ ఇంటి మందం సాలుకు కొట్టినవా అన్నా?"

వంగి పంపు మూత బిగించాడు. తర్వాత, "గది వేరే తమ్మీ" అన్నాడు.

"ఏం వేరే?"

"అవి ముడుసుకపోయినా ఎవడు చూస్తడు?"

ఆయన అబద్ధమాడలేదు. అదే నన్ను ఎక్కువ కాల్చింది. పరువు, నా భార్య ప్రాణం రెండూ ఎదురుగా ఉంటే ఆయన చెయ్యి ఎటు పోయిందో ఆయనకు తెలియనే లేదు. పంపు తీసుకుని మెట్లు దిగాడు. కింద నా భార్య "పోతున్నవా అన్నా, చాయ తాగి పో" అనడం వినిపించింది. పనుందన్నాడు.

ఆమె మెల్లగా పైకి వచ్చి కుర్చీలో కూర్చుని కాయ కోసం చెయ్యి చాపింది. మణికట్టు పట్టుకున్నాను. జరిగింది చెప్పాను.

"ఎన్నిసార్లు కొట్టిండు?"

"ఆరేడుసార్లు కొట్టి ఉంటడు."

చేతిని నా చేతిలోంచి తీసుకుంది. "మీకు తెల్వకుంటనేనా?"

"నాకేం తెలుసు? నువ్వూ నేనూ కలిసే గదా దవాఖానకు వోయింది."

"వచ్చినంక మీరే గద వేపనూనె కొట్టేది. వాసన రాలే?"

వచ్చింది. ఒకటి రెండుసార్లు ఆకుల దగ్గర ఘాటు తగిలింది. ముప్పై ఏళ్లు చేన్ల గట్ల మీద తిరిగినవాణ్ని, ఆ వాసన నాకు తెలియదనడానికి లేదు. ఇంకెవరైనా అయితే అడిగి ఉండేవాణ్ని. ఆయన కాబట్టి అడగలేదు. ఈ మాటే ఆమెకు చెప్పాను. ఆమె నా ముఖం వంక చూసింది. చెప్పేవాడు ఎంత దాస్తున్నాడో తూచే చూపు అది. నేను ఎందరివైపో అలా చూశాను, నావైపు అప్పటిదాకా ఎవరూ చూడలేదు.

మర్నాడు కొక్కేలు ఖాళీ చేశాను. డాక్టర్ ఫికర్ చేయొద్దన్నాడు, పరీక్షలు బాగానే ఉన్నాయన్నాడు. ఆమె మాత్రం మళ్లీ ముద్ద నోట్లో పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. పత్రికకు సవరణ పంపాను. తోటల పేజీకి సవరణలెందుకన్నా అన్నాడు ఫోన్లో డెస్కు మనిషి. రైతు ఒకసారి కూరగాయల మార్కెట్లో ఎదురై, చెల్లె ఎట్లుందన్నాడు. మంచిగనే ఉందని చెప్పి దాటిపోయాను.

ఈ ఏడు ఆమే మళ్లీ పెడదామంది. నర్సరీ నుంచి నారు తెచ్చాను. మట్టి ఆమె చెబుతుంటే నేను కలిపాను. ఆకులు సగం ముడుచుకునే ఉన్నాయి, కాయలు బఠాణీలకు కాస్త పెద్ద. వారానికి నాలుగు పండితే ఎక్కువ. పండిన కాయను ఆమె ఉప్పునీళ్లలో కడిగి, రెండుగా కోసి, ఒక ముక్క ముందు నా చేతిలో పెడుతుంది. నేను నమిలి మింగేదాకా ఎదురుగా కూర్చుంటుంది.

"ఉప్పు సరిపోయిందా?" అంటుంది.

సరిపోయిందంటాను. అప్పుడు తన ముక్క నోట్లో వేసుకుంటుంది.