బట్టల షాపులో నేల మీద కూర్చున్న మా ఆవిడ

నిన్న మా ఆవిడతో రాజమండ్రి చూడ్డానికి వెళ్లాను. గోదావరి గట్టు చూశాం, మెయిన్ రోడ్డంతా తిరిగాం, రోజ్ మిల్క్ తాగాం. ఈ రోజు మధ్యాహ్నం నాలుగంతస్తుల బట్టల షాపు ఒకటి చూస్తానంది.

మా ఊరి కొట్లో చెప్పులు గుమ్మం బయట విడిచి పరుపు మీద కూర్చుంటే, షావుకారు చీరలు విప్పి ముందు పరుస్తాడు. ఇక్కడా అంతే అనుకుంది పాపం. అద్దాల తలుపు బయట చెప్పులు విడిచి, లోపల నున్నటి నేల మీద చక్కగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"అమ్మాయ్, ఉప్పాడ చీరలు చూపించమ్మా" అంది.

షాపులో ఆడపిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఒకమ్మాయి ఫోనులో వీడియో తీసింది. ఇంకో అమ్మాయి నా వైపు తిరిగి, "తాతగారూ, ఆ మామ్మగారు మీ తాలూకాండీ?" అంది.

అందరూ నన్నే చూస్తున్నారు. "కాదండి" అన్నాను.

మా ఆవిడకి వినపడింది. లేచి, ఒక్క చీరా చూడకుండా బయటికెళ్లి చెప్పులేసుకుంది.

ఊరికొచ్చే బస్సులో ఆవిడ పక్కనే కూర్చున్నాను. కండక్టరు ఆవిడకి టిక్కెట్టిచ్చి, "ఈయన మీతోనేనాండి?" అన్నాడు.

"ఎవరోనండి, నాకు తెలీదు" అంది, కిటికీలోంచి చూస్తూ.

ఇంటికొచ్చి నాలుగు గంటలైంది, ఇంకో మాట లేదు. ఏం చెయ్యమంటారో చెప్పండి. ఆవిడ ఫేస్‌బుక్ చూడదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఎదురుగా చెప్పే ధైర్యమే ఉంటే ఆ షాపులోనే చెప్పేవాణ్ణి.