దాచిపెట్టిన సెల్లు

నిరుడు ఎండాకాలం మాట. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఇరుకు సందులో నా రిపేరు కొట్టు. కాలిక్యులేటర్లు, ఎలక్ట్రానిక్ కాటాలు, గోడ గడియారాలు బాగుచేస్తాను. "ఆఫ్ చేసే ఉంచామండీ, సెల్లెలా అయిపోయింది?" అని ఎవరో ఒకరు నాతో పోట్లాడుతూనే ఉంటారు. ఆఫ్ చేసినా కాలిక్యులేటర్ కునుకే తీస్తుంది. బటన్ నొక్కగానే లేవాలి, మెమొరీలో దాచిన అంకెను పట్టుకుని ఉండాలి. అందుకోసం రవ్వంత కరెంటు తాగుతూనే ఉంటుంది. ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది.

ఆ మధ్యాహ్నం ఇబ్రహీంపట్నం నుంచి నూర్జహాన్ గారని ఒకావిడ వచ్చారు. యాభై ఏళ్ళుంటాయి. చేతిరుమాలు ముడి విప్పి ఒక కాలిక్యులేటరూ, దూదిలో చుట్టిన బిళ్ళ సెల్లూ బల్ల మీద పెట్టారు.

"ఈ సెల్లు లోపల వేసివ్వండి చాలు. బిగించడం నాకు రాలేదండి," అన్నారు.

ఆవిడ భర్త టైల్స్ మేస్త్రీ. తమ వంటింటికి ఎన్ని టైల్స్ పడతాయో లెక్కగట్టి, ఆ అంకెను మెమొరీలో పెట్టి, ఏ బటన్ నొక్కితే కనిపిస్తుందో ఆవిడకు చూపించి పనికి వెళ్ళారట. అక్కడే గుండె ఆగిపోయింది. భర్త పోయిన ఆడవాళ్ళు ఇల్లు కదలకుండా పాటించే ఇద్దత్ గడువంతా ఆవిడ రోజూ ఆ బటన్ నొక్కి చూసుకునేవారు.

"మరి సెల్లెందుకు తీశారమ్మా?"

"గడువయ్యాక చల్లపల్లిలో మా అక్క దగ్గరికి బయల్దేరానండి. ఆఫ్‌లో ఉన్నా సెల్లు అయిపోద్దని మా మరిది చెప్పాడు. అయిపోతే ఆయన పెట్టిన అంకె పోద్ది కదా! అందుకే మరిది చేతే తీయించి జాగ్రత్తగా దాచానండి."

మరిది చెప్పింది నిజమే. ఆ కాస్త కరెంటే అంకెను నిలబెడుతోందని మాత్రం అతనికీ తెలియదు. సెల్లుకి మల్టీమీటర్ పెట్టి చూశాను. నిండుగా ఉంది, ఇంకా ఏళ్ళ తరబడి వచ్చేది. వేసి ఆన్ చేశాను. ఆవిడే బటన్ నొక్కారు. సున్నా వచ్చింది. మళ్ళీ నొక్కారు. మళ్ళీ అదే.

"మెమొరీ పోయిందమ్మా. సెల్లు తీస్తే నిలవదు. అంకె గుర్తుంటే చెప్పండి, మళ్ళీ ఎక్కిస్తాను."

"నోటికొచ్చండి. కానీ మీరెక్కిస్తే మీదవుద్ది. అది ఆయన వేలితో నొక్కింది కదండీ."

కాలిక్యులేటర్‌ను ఆవిడ వైపు జరిపాను. ఆవిడే అడిగారు.

"తీయకపోతే ఉండేదాండీ?"

వస్తువు ఎవరి చేతిలో చెడిందో మొహం మీదే చెప్పేసే రకాన్ని నేను. దాని వల్ల పోగొట్టుకున్న బేరాలూ ఉన్నాయి.

"ఉండేది కాదమ్మా. సెల్లులో సత్తువ అడుగంటింది. మీరు ఊరినుంచి వచ్చేలోపు ఎలాగూ పోయేదే."

ఆవిడ మల్టీమీటర్ వైపు చూశారు. "ఇందాక అందులో కనబడింది అదేనాండీ?"

"అదేనమ్మా."

"అల్లా దయ. నా చేత్తో నేనే చెరిపేశానేమోనని భయమేసిందండీ," అని కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

ఎందుకు చెడిందో చెప్పడం కూడా రిపేరులో భాగమేనని ఇన్నేళ్ళూ అనుకున్నాను. తెలిసిన కారణాన్ని కడుపులో పెట్టుకోవడం కూడా ఈ పనిలో భాగమేనని ఆవిడ వల్ల తెలిసింది. ఆ అబద్ధానికి నేనేమీ బాధపడను. ఆవిడ అంత జాగ్రత్తగా దాచుకున్నందుకే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.