జనరేటర్ కాడ విన్న పాట

వాడు కలిపిన పాట నాకు నచ్చింది. నా కడుపుమంటంతా ఆడే ఉండాది. బాగలేకపోయింటే హాయిగా నవ్వుకుని ఇంటికి పోయుందును.

మదనపల్లెలో మా చిన్నాయనకు సౌండ్ సర్వీసు ఉండేది. తొంభైల్లో నేను ఆడ చేరినప్పుడు రెండు టేపురికార్డర్లు, పెట్టెనిండా క్యాసెట్లు. పెన్సిలు దూర్చి రీలు తిప్పి, పాట మొదలయ్యే చోటు సరిగ్గా పెట్టుకునేవాణ్ణి. ఒక పాట అయిపోతానే ఇంకోటి అందుకోవాల, మధ్యలో దగ్గు వినపడేంత సందు కూడా ఉండకూడదు. అదీ నా పనితనం. తంబళ్లపల్లె పక్క పెండ్లిండ్లలో కూడా ఆ పిల్లోడే రావల్లని అడిగేవాళ్లు. పెండ్లికొడుకు కన్నా నేనే ఎక్కువ మిడిసిపడేవాణ్ణి.

రెండువేలు దాటినాక కుప్పం నుంచి ఒకడు వచ్చి చేరినాడు. నాకంటే చిన్నోడు. వాళ్లూర్లో రైలెక్కి బెంగుళూరు పోయి, ఆడ ఎవురో డీజే కాడ పెట్టెలు మోసి పని నేర్చుకున్నాడంట. సీడీలు ఏసే మిషన్లు రెండు, మధ్యలో మిక్సరు, ఒక చెవికి హెడ్‌ఫోను. ఒక పాట జనానికి వినిపిస్తానే ఇంకో పాట తనొక్కడే వినేవాడు. రెండింటి వేగమూ ఒకటి చేసి, ఒకదాంట్లోకి ఇంకోటి వదిలేవాడు. యాడ కలిసిందో తెలిసేది కాదు. పాలల్లో నీళ్లు కలిపేవాళ్లకు కూడా అంత నేర్పు ఉండదు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని మా అమ్మ దేనికో అనింది. నన్నే అంటాండాదని ఆ పూట అన్నం మాని ఆమెతో కొట్లాడినాను.

అప్పుడే పుంగనూరులో ఒక రిసెప్షను వచ్చింది. పొద్దున్నే చిన్నాయన మా ఇద్దుర్నీ పిలిచి, "ఈ పొద్దు చెరిసగం వాయించండప్పా. జనం ఎవుర్ని మెచ్చితే వాళ్లు ఇంకమీదట మిక్సర్ కాడ, రెండోవాళ్లు జనరేటర్ కాడ" అన్నాడు. నేను పైకి నవ్వినాను. ఏండ్ల తరబడి ఆ కుర్చీలో కూర్చున్నోణ్ణి, ఇప్పుడు పోయి డీజిలు పోస్తా కూర్చోవల్లనా?

సాయంత్రం, ఎండ ఇంకా తగ్గలేదు. ముందు నేనే వాయించినాను. షామియానా కింద దుమ్ము లేసింది, పెండ్లికొడుకు స్నేహితులు చొక్కాలు తడిసేదాకా ఎగిరినారు. చివరగా మంచి దరువుండే పాట ఏసి, అది ఆడతాండగానే వాడికి కుర్చీ ఇచ్చి, జనరేటర్ కాడికి పోయినాను. దీన్ని దాటి వాడు ఏం పీకుతాడులే అనుకున్నాను.

వాడు తొందరపడలేదు. నా పాటనే ఎవురికీ తెలియకుండా కొంచెం కొంచెంగా నిదానం చేసినాడు. దాని అడుగున ఇంకో దరువు మెత్తగా వచ్చి చేరింది. మాటల్లేని పాట అది. ఆ రకం పాటల్ని ప్రోగ్రెసివ్ హౌస్ అంటారని తర్వాత తెలిసింది. నా పాట యాడికి పోయిందో పోయింది. ఎగిరేవాళ్లు ఆగిపోలేదు, నిదానంగా ఊగతాండారు. కుర్చీల్లో ఉండే ఆడోళ్లు కూడా కాళ్లు ఆడిస్తాండారు. నేను వాయించినంత సేపూ ఆ కుర్చీల్లో ఒక్కరూ కదల్లేదు. కండ్లల్లో నిప్పులు పోసుకుని సూస్తాండాను.

అంతలో దరువు ఆగిపోయింది. సన్నంగా తీగ సాగినట్ల ఒక శబ్దం మాత్రం మిగిలింది. షామియానా వెనక మా పక్కకు అది కూడా సరిగ్గా రాదు. ఆడ ఉండేవాళ్లకు దరువు ఆగిందంటే కరెంటు పోయిందనే లెక్క. పొద్దు ఉండాది కాబట్టి లైట్లు ఏసిండలేదు, వాటిని సూసి తెలుసుకునే దానికీ లేదు. వంటల కాడ నుంచి చిన్నాయన పరుగెత్తుకుంటా వచ్చినాడు.

"కరెంటు పోయిండాది, సూస్తా నిలబడినావేంరా? జనరేటర్ ఎయ్."

అడక్కుండానే దేవుడిచ్చిన అవకాశం. స్విచ్చి జనరేటర్ పక్కకు తిప్పితే చాలు, ఉండే కరెంటు తెగి మిషన్లు ఆగిపోయి వాడి పాట ఆడికాడికే సస్తుంది. చెప్పింది చిన్నాయన, నన్ను అనేవాడు లేడు. చెయ్యి స్విచ్చి మీదనే ఉండాది. కానీ ఆ దరువు ఎట్ల తిరిగొస్తుందో వినల్లని నా పానం కొట్టుకుంటాండాది.

"కరెంటు ఉండాది చిన్నాయనా. అది పాటే" అన్నాను.

"నీకెట్ల తెలుసు?"

"వింటాండాను కదా. ఉండు, వస్తుంది."

వచ్చింది. అడుగు నుంచి మెల్లగా లేసి, ఒక్కసారిగా నేల అదిరేటట్ల వచ్చింది. జనమంతా చేతులు పైకెత్తి అరిచినారు. చిన్నాయన నా పక్క సూడలేదు, మిక్సర్ పక్కే సూస్తా నిలబడినాడు. నా కుర్చీ పోయిందని నాకు అప్పుడే అర్థమయింది. నోరు మూసుకుని స్విచ్చి తిప్పింటే పోయుండేది కాదు.

మరుసటి ముహూర్తం కుప్పంలో, వాడి సొంతూర్లోనే. వాడు మిక్సర్ కాడ, నేను జనరేటర్ కాడ. "అన్నా, పుంగనూర్లో ఏసిన పాట పేరు చెప్పేదా?" అని వాడే వచ్చి అడిగితే, "ఎవుడికి కావల్ల పోరా" అన్నాను. జనరేటర్ ఆడతాంటే ఆ మోతలో ఏ పాటా వినపడదు. అందుకే వాడు ఆ పుంగనూరు పాట సీడీ చేతికి తీసుకున్నప్పుడంతా, వీడి నోట్లో మన్నుబడ అని తిట్టుకుంటానే, ఈ పాట అయ్యేదాకా కరెంటు పోకూడదు స్వామీ అని మొక్కుకునేవాణ్ణి.