కొసరుకి ఒక్క స్టార్

ఒళ్ళు మండిపోతోంది, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

వెస్ట్‌మీడ్‌లో మా పక్క ఫ్లాట్‌లో ఉండే హనాన్ ఇరాక్ నుంచి వచ్చిన ఆవిడ. ఇక్కడి అరబ్బు కొట్లు ఒక్కొక్కటే ఫోన్లోకి మారిపోతుంటే, ఆవిడా షాపు మూసేసి ఖర్జూరాలు, మసాలాలు ఆన్‌లైన్‌లో అమ్ముతోంది. మన తెలుగు గ్రూపులో ఆ లింకు పెట్టింది నేనే. మొదటిసారి కొన్నవాళ్ళకి ఇంట్లో చేసిన ఖర్జూరం బిస్కెట్లు ఒక డబ్బా ఊరికే పెట్టి పంపుతుంది. వాళ్ళ నాన్న కొట్టు నాటి అలవాటట.

ఈ సాయంత్రం హనాన్ ఫోన్ పట్టుకుని మా తలుపు తట్టింది. మా పై అంతస్తు మూర్తి అంకుల్ ఆ బిస్కెట్ల ఫోటో పెట్టి, "అడగని వస్తువు పంపారు, బాధ్యత లేని షాపు" అని ఒక్క స్టార్ ఇచ్చారు.

"ఇక డబ్బా పెట్టడం మానేయనా?" అని అడిగింది హనాన్. నేను సరాసరి పైకి వెళ్ళాను.

"అంకుల్, అది కొసరు. ఆ రివ్యూ తీసేయండి."

"ఫ్రీ అని ఎక్కడా మెన్షన్ చెయ్యలేదు కదమ్మా. ఆన్‌లైన్‌లో ఊరికే ఎవరిస్తారు? రేపు కార్డు మీద ఛార్జ్ చేస్తే?"

రైతుబజారులో కొసరు వేయించుకోకుండా ఏనాడూ కదల్లేదని గొప్పగా చెప్పుకునే మనిషి ఈయన.

నేను నోరు తెరిచేలోపే ఆంటీ టీ తెచ్చారు. పక్కన ప్లేటులో అవే బిస్కెట్లు.

"తినమ్మా, భలే ఉన్నాయి. ఈసారి ఇంకో డబ్బా ఎక్కువ పెట్టమని ఆవిడకి చెప్పు."

టీ ముట్టకుండా వచ్చేశాను. ఆ బిస్కెట్లు తిన్నవాళ్ళు ఈ గ్రూపులో చాలామందే ఉన్నారు. ఆవిడ పేజీలో ఒక్క మంచి ముక్క రాయడానికి మీకు ఏం అడ్డొస్తోందో కాస్త చెప్పండి.