కడెం పడవకు కరీంనగర్ నూనె

మా చెల్లెలి బిడ్డ రజిత మంగళవారం ఫోన్ చేసి, "పెద్దవ్వా, కరీంనగర్ పోయి ఒక్క లీటరు నూనె తెస్తవా?" అని అడిగింది. వంటనూనె కాదు, పడవ ఇంజన్ నూనె.

రజిత అత్తగారిది కడెం. జలాశయం చూడవచ్చే వాళ్లను తిప్పడానికి అక్కడి చేపలోళ్ల సంఘానికి ఎనిమిది సీట్ల పడవ ఒకటి ఉంది. వేసవి నుంచి దాన్ని నడిపేది రజితే. అంతకుముందు నడిపిన గంగన్నకు అది మింగుడు పడలేదు. పోయిన ఆదివారం ఈదురుగాలికి పడవ ఒరిగింది. ఎవరికీ దెబ్బ తగలకుండా రజిత ఒడ్డుకు తెచ్చింది. అయినా గంగన్న సంఘంలో మాట వేశాడు: "పిల్ల ఇంజన్ను ముంచింది. లోపలికి నీళ్లు పోయినయ్. పడవ మళ్ల నాకే ఇయ్యుండ్రి." నూనె మార్చే గడువు ఎలాగూ దగ్గరపడింది కాబట్టి శుక్రవారం పొద్దున అందరి ముందు మార్చి, ఇంజన్ తీరు చూసి తేల్చుదామన్నారు. కడెంలో దొరికేది ట్రాక్టర్ నూనె. అది పోశాక ఇంజన్ మొరాయిస్తే నింద తన మీదికే వస్తుందని రజిత భయం.

నన్నే అడగడానికి కారణం ఉంది. బెల్లంపల్లిలో గని స్టోర్‌లో ఇరవై రెండేళ్లు నూనెలు, గ్రీజులు కొలిచి ఇచ్చినదాన్ని నేను.

నవంబరు పద్నాలుగు, గురువారం. ఉదయం 6.40కి బెల్లంపల్లిలో ప్యాసింజర్ ఎక్కాను. టికెట్టు పది రూపాయలు. ఎదురుగా శ్రీరాంపూర్ డ్యూటీకి పోతున్న కుర్ర కార్మికుడు నా సంగతి విని నవ్వాడు.

"లీటరు నూనెకు కరీంనగర్ దాకనా అవ్వా? మా గనిల డ్రమ్ములకు డ్రమ్ములున్నయ్ గద!"

"గనిది గనికే బిడ్డా," అన్నాను. "గందులకెల్లి చుక్క బయటికి పోనియ్యలే నేను."

మంచిర్యాలలో దిగి 7.45కి కరీంనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్టు. గోదావరి వంతెన దాటాక డబ్బా తీసి ఇంటినుంచి తెచ్చుకున్న సర్వపిండి తిన్నాను. 10.15కి కరీంనగర్ బస్టాండు. అక్కడి నుంచి ఆటోకు ఇరవై ఇచ్చి, పంపుసెట్లు, పడవ సామాన్లు అమ్మే దుకాణం చేరాను. మానేరు డ్యాంలో పడవలు తిరుగుతాయి కాబట్టి ఈ నూనె ఇక్కడ దొరుకుతుంది.

దుకాణదారు మొదట అడిగింది, "టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా?" వెళ్లేవాళ్లు ఇది తెలుసుకొని వెళ్లాలి. పాత రకం టూ స్ట్రోక్ ఇంజన్లకు నూనెను పెట్రోల్లోనే కలుపుతారు. రజితది ఫోర్ స్ట్రోక్, నూనె విడిగా పోయాలి. ఒకదానిది మరొకదానికి పనికిరాదు. ఇంజన్ పుస్తకంలోని పేజీని రజిత ఫొటో తీసి పంపింది: చిక్కదనం 10W-30, పడవ ఇంజన్లకు పనికివస్తుందని తెలిపే FC-W గుర్తు ఉన్నది. అతను తెచ్చిన సీసా మూత తీయించి ఒక చుక్క బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూశాను. నాకు నచ్చలేదు.

"గిదేంది, నీళ్ల లెక్కున్నది! చిక్కటిది ఇయ్యి. 20W-40 ఉండాలె."

"అవ్వా, గా చిక్కటిది వేడెక్కే బండ్లకు. పడవ ఇంజన్ చెర్వు నీళ్లు గుంజుకుంట చల్లగుంటది. తాడు గుంజంగనే ఫుల్లు స్పీడు ఉరుకుతది. చిక్కటి నూనె పైకి ఎక్కేటాలకు లోపల అరిగిపోతది. పైంగ నీళ్ల మీద తడి ఎక్కువ, తుప్పు పట్టకుంట గిండ్ల మందు కలుపుతరు. కారు నూనెల గది ఉండదు."

ఒప్పుకోబుద్ధి కాలేదు. గనిలో బరువు లాగే యంత్రానికి చిక్కటి నూనే అని నా లెక్క. రజితకు ఫోన్ చేశాను.

"పెద్దవ్వా, ఇది నీ గని కాదు," అంది. "పుస్తకంల ఏముంటె గదే తేవాలె."

ఆరు వందల నలభై ఇచ్చి, పుస్తకంలో ఉన్నదే కొన్నాను. అనుమానం మాత్రం నాతోపాటే బస్సెక్కింది.

బస్టాండు ఎదుట తొంభై రూపాయలకు అన్నం తిని, 1.10కి జగిత్యాల మీదుగా లక్షెట్టిపేట పోయే బస్సులో కూర్చున్నాను. పక్క సీట్లో సిరిసిల్ల నుంచి వస్తున్న పద్మ అనే ఆమె. మరమగ్గాల మీద పని, జగిత్యాలలో అక్కను చూడబోతోంది. నా ఒళ్లోని సీసా చూసి అడిగితే సంగతి చెప్పాను.

"మా మగ్గం నూనె గింత కన్న పల్చన అవ్వా," అంది. "మా ఆయన ఒకపారి మిగిలిన బండి నూనె పోసిండు. మగ్గం మొద్దుబారె, బట్ట నిండ మరకలాయె. సేటు తిట్టిన తిట్లకు మా ఆయన మూడు పొద్దులు నా మొఖం చూడలే."

"నిన్నెందుకు చూడలే?"

"వద్దని ముందుగాల చెప్పింది నేనే గద!"

ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె జగిత్యాలలో దిగేసరికి నా అనుమానం కూడా దిగిపోయింది. ధర్మపురి, రాయపట్నం వంతెన దాటి లక్షెట్టిపేటలో బస్సు మారి, జన్నారం అడవి గుండా కడెం చేరేసరికి సాయంత్రం ఆరు దాటింది. బస రజిత ఇంట్లోనే. జొన్నరొట్టె, చేపల పులుసు పెట్టింది కానీ తాను సరిగ్గా తినలేదు.

శుక్రవారం ఏడు గంటలకు జలాశయం ఒడ్డుకు వెళ్లాం. సంఘం వాళ్లు పది మంది దాకా ఉన్నారు. గంగన్న నాకంటే చిన్నవాడే, నెరిసిన మీసం, గట్టి గొంతు. పడవను ఒడ్డుకు లాగి, ఇంజన్ కింద ఇసుకలో గుంట తీసి పెట్టాడు. పాత నూనెను అందులోకి వదిలి మట్టి కప్పేయడం ఆయనకు మొదటినుంచీ అలవాటు. పడవ నీళ్లలో ఉన్నప్పుడే రజిత ఇంజన్‌ను కాసేపు తిప్పి ఆపింది. వేడెక్కితే నూనె పూర్తిగా దిగుతుంది.

"సీసా ఇటియ్యి అక్కా," అన్నాడు గంగన్న.

నేను ఇవ్వలేదు. స్టోర్‌లో మాకు ఒక పద్ధతి ఉండేది. పాత నూనె వాపసు తెస్తేనే కొత్త నూనె.

"పాతది నా చేతిల పెట్టుండ్రి, కొత్తది తీస్కపోండ్రి," అన్నాను.

"గీ చెర్వు కాడ నీ స్టోర్ యాడిదక్కా?" అని గంగన్న ఎగతాళి చేశాడు. అందరూ నవ్వారు. రజిత మాత్రం నా ముఖం చూసి, ఇంటికి పరుగెత్తి పచ్చడి పెట్టే గాజు జాడీ తెచ్చింది.

అప్పుడు నాకు భయం వేసింది. నూనెలో నీళ్లు కలిస్తే పాలు పోసిన చాయలా తెల్లబడుతుంది. గనిలో పంపుల దగ్గరి నుంచి వాపసు వచ్చిన నూనెలో అది ఎన్నిసార్లు చూశానో. ఇసుకలో ఇంకిపోతే ఎవరికీ ఏమీ తెలియదు. జాడీలోకి తెల్లగా దిగితే మాత్రం బిడ్డ పడవను నా చేతులతో నేనే పోగొట్టినట్టు.

రజిత కింది నట్టు విప్పింది. నూనె సన్నని ధారగా దిగింది. నల్లగా కాదు, తెల్లగా కాదు, ముదురు తేనె రంగు. జాడీ పైకెత్తి ఎండకు పట్టాను. అవతల గంగన్న మీసం కనిపించింది.

ఆయన జాడీ తీసుకుని వాసన చూశాడు, వేలు ముంచాడు, మళ్లీ ఎండకు పెట్టి చూశాడు.

"నీళ్లు పోలే," అన్నాడు చివరకు. "పిల్ల మంచిగనే చూసుకున్నది. నేనన్నది తప్పు."

పది మందిలో ఆ మాట అనడం తేలిక కాదు. ఆయనను మెచ్చుకోవాలి. అయితే మరుక్షణమే మళ్లీ గంగన్నే అయ్యాడు. రజిత కొత్త నూనె కొలత వరకు పోసి ఆపితే, "మొత్తం పొయ్యి! గంగమ్మ కాడికి తెచ్చింది మల్ల ఇంటికి తీస్కపోవద్దు," అన్నాడు.

"గీత దాటితే నురుగొస్తది మామా. మిగిలింది ఇంటికి పోదు, పడవలనే ఉంటది," అని రజిత కొలపుల్ల తుడిచి, ముంచి, ఆయనకే చూపించి మూత బిగించింది. గొంతు పెంచలేదు. నూనె తెచ్చింది నేనే అయినా, ఇంజన్ మాట తెలిసింది ఆమెకే అని అప్పుడు నాకు అర్థమైంది.

మొదటి సవారీ నాదే. ఊరికే ఎక్కమన్నారు. నేను వినలేదు, యాభై రూపాయల టికెట్టు కోయించుకున్నాను. లైఫ్ జాకెట్ కట్టి నన్ను ముందు కూర్చోబెట్టి, రజిత తాడు ఒక్కసారి లాగింది. రెండోసారి లాగే పని పడలేదు. ఒడ్డున గంగన్న తుండుగుడ్డ ఊపాడు. గుట్టల నీడ దాటి నడినీళ్లలోకి వచ్చాక వెనక్కి తిరిగి చూశాను. మా పిల్ల ఒంటి చేత్తో పడవ నడుపుతోంది, కళ్లు మాత్రం నీళ్ల మీదే ఉన్నాయి.

పదకొండింటి బస్సుకు తిరుగు ప్రయాణం. పద్ధతి పద్ధతే కాబట్టి పాత నూనెను గట్టి మూత ఉన్న సీసాలో పోసి, రెండు సంచులు చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. జన్నారం దగ్గర సంచి జారి సీసా బయటపడింది.

కండక్టర్ వంగి చూశాడు. "అడవి తేనెనా అవ్వా? నాక్కొంచెం అమ్ముతవా?"

"తేనె కాదు బిడ్డా. మా రజిత నడిపే పడవ ఇంజన్‌లకెల్లి తీసిన నూనె. చూడు, చుక్క నీళ్లు లేవు," అని కిటికీ వెలుగుకు పట్టి చూపించాను. లక్షెట్టిపేట వచ్చేదాకా ఆయన అడిగాడు, నేను చెప్పాను.

లక్షెట్టిపేటలో వాడిన నూనె తీసుకునే మెకానిక్ షెడ్డు ఉంది. అక్కడి డ్రమ్ములో సీసా వంచాను. ఇరవై రెండేళ్ల స్టోర్ కొలువులో పాత నూనె చుక్క కూడా ఇంటికి తెచ్చుకోలేదు. ఈసారి మాత్రం అడుగున వేలెడంత మిగలగానే చేయి వెనక్కి తీసుకుని మూత పెట్టేశాను. అది ఇప్పుడు బెల్లంపల్లిలో మా ఇంటి కిటికీలో ఉంది. పొద్దున ఎండ పడితే తేనెలాగే మెరుస్తుంది.