ఆడిట్ ఉందని చెప్పి చూసిన సినిమా

ఇప్పుడంటే ఏ సినిమా అయినా మంచం మీద పడుకుని ఫోన్లో చూసేస్తున్నాం గానీ, మా పెళ్లైన కొత్తలో హాలుకు వెళ్లడమంటే పెద్ద పనే. అంతకంటే పెద్దది, ఆ వయసులో నాకు నా మీదున్న నమ్మకం. ఇంట్లో అబద్ధం ఆడగలిగే తెలివి నా ఒక్కడికే ఉందనీ, మా ఆవిడకు నిజం తప్ప మరోటి రాదనీ అనుకునేవాణ్ణి.

తాండూరులో ఖాలా ఇంట్లో అద్దెకుండేవాళ్లం. (ఖాలా అంటే ఉర్దూలో పిన్ని; ఇంటి యజమానురాలిని వాడంతా అలాగే పిలిచేది. అసలు పేరు నాకిప్పటికీ తెలియదు.) నేను నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లో గుమాస్తాను. అప్పుడే వికారాబాద్‌లో ఒక హిందీ సినిమా వచ్చింది. భర్త మరొకామెతో తిరుగుతాడు, భార్యకు తెలుస్తుంది, ఆపైన హత్య, పోలీసులు. పోదామని మా ఆవిడ వారం రోజులు అడిగింది. "గది సంసారులు చూసే సిన్మ కాదు. అయినా నీకు హిందీ ఏం సమజైతది?" అని కొట్టిపారేశాను. నిజానికి నాకూ చూడాలనే ఉంది. ఆవిడ పక్కనుంటే ఆ మొగుడి తప్పులన్నిటికీ నేను జవాబు చెప్పుకోవాల్సి వస్తుందని భయం. అందుకే ఒకరోజు సెలవు పెట్టి, వికారాబాద్ ఆఫీసులో ఆడిట్ ఉందని చెప్పి, పొద్దున్నే రైలెక్కాను.

సినిమాలో మొగుడు కూడా మీటింగ్ ఉందని చెప్పే బయల్దేరాడు. హాలంతా వాణ్ణి తిట్టింది. నేనూ తిట్టాను.

ఇంటర్వెల్లో సమోసాల కోసం బయటికి వస్తే, పది అడుగుల దూరంలో మా ఆవిడ. పక్కన ఖాలా, కథ విడమరిచి చెబుతోంది: "ఆడు ఝూట్ మాట్లాడుతుండు బేటీ. ఆమెకు సబ్ తెలుసు. జర ఆగు, ఏం చేస్తదో చూడు."

చటుక్కున పోస్టరు బోర్డు వెనక్కి తప్పుకున్నాను. అక్కడ నిలబడ్డాక నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మొగుడికి చెప్పకుండా సినిమాకు వస్తుందా? కాపురమన్నాక నమ్మకం ఉండొద్దా? (నేనెక్కడ నిలబడి ఈ మాట అనుకుంటున్నానో ఆ క్షణంలో తట్టలేదు.) రెండో సగంలో, తెర మీద భార్య నవ్వుతూ చాయ్ ఇచ్చింది. మొగుడు తాగి సోఫాలోనే ఒరిగిపోయాడు. ఆడవాళ్ల వైపు నుంచి చప్పట్లు వినిపించాయి.

వాళ్ల కంటపడకుండా ఒక రైలు వదిలేసి, తర్వాతి రైల్లో తాండూరు దాకా నమ్మకం గురించి ఒక ఉపన్యాసం తయారుచేసుకున్నాను. ఇల్లు చేరేసరికి ఆవిడ ఏమీ ఎరగనట్టు బియ్యం ఏరుతోంది.

"ఆడిట్ అయిందా?"

"అయింది. నువ్వు ఏడికన్న పోయినవా?"

"ఏడికి పోత? ఇంట్లనే ఉన్న" అని లేచి, నవ్వుతూ చాయ్ తెచ్చి ఇచ్చింది.

ఆ నవ్వు చూశాక చెయ్యి ముందుకు రాలేదు. కప్పును అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను.

"తాగు. అండ్ల ఏం కలపలె" అంది ఆవిడ.

ఉపన్యాసం మరిచిపోయి ఆవిడ వైపు చూశాను. "బోర్డు కింద నీ చెప్పులు కనవడ్డయి" అని మళ్లీ బియ్యం ముందు కూర్చుంది. "ఖాలా నవ్వింది గాని, నాకైతే పాణం ఆగలె. ఆడిట్ అని చెప్పి ఎవరితోన వచ్చినవో అని మస్తు పరేషానైన. సిన్మ ఇడిసేదాక నిన్నే చూసిన. ఒక్కనివే ఉన్నవు. గప్పుడు నిమ్మలమైంది."

నేను కోపం పెంచుకుంటూ కూర్చున్న ఆ గంటన్నరా, ఆవిడ తెర వదిలేసి నా పక్క సీటునే చూస్తూ కూర్చుందన్నమాట. చాయ్ మొత్తం ఒక్క గుక్కలో తాగేశాను. నాలుక కాలింది.

ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా నిజమే చెప్పి వెళ్తాను. బషీరాబాద్ అయినా, హైదరాబాద్ అయినా, ఆవిడ తల కూడా ఎత్తకుండా "ఊఁ" అంటుంది. గడప దాటుతూ ఒక్కోసారి ఆగి చూస్తాను, ఎవరితో అని అడుగుతుందేమోనని. అడగదు. జుట్టు నెరిసిన మొగుడి మీద అంత నమ్మకం పెట్టుకోకపోతే ఏం పోతుందో.